కల్లంలో బారెడు చోటు

చర్చి గేటుకి కట్టిన ఫ్లెక్సీలో ఉన్నది అతను కాదు. ఆధార్ కార్డులో బొమ్మని సాగదీసి తలుపంత చేశారు. కళ్ళు బెదిరిపోయి, మెడ బిగుసుకుపోయి, ఎవరో వెనకనుంచి చొక్కా పట్టుకున్నట్టున్నాడు. నలభై ఏళ్ళు మా ఊళ్ళో పెళ్ళిళ్ళూ, బాప్తిస్మాలూ, శవపేటిక చుట్టూ నిలబడ్డ కుటుంబాలూ అన్నీ తీసినవాడు. తను పోయాక పెట్టిన ఆదరణ కూడిక నాడు దండ వెయ్యడానికి ఒక్క ఫొటో లేకపోయింది. ఎవర్ని అడిగినా ఒకటే మాట: "తీసేవాడు ఆయన. ఆయన్నెవరు తీస్తారు?"

నేను ఆడవాళ్ళ వైపు రెండో చాప మీద కూర్చున్నాను. కూర్చున్నానే గాని కుదురు లేదు. పాట మధ్యలో ఒకసారి లేచాను, వాక్యం మధ్యలో ఒకసారి లేచాను. పాస్టరుగారు కళ్ళద్దాల పైనుంచి చూశారు. మోకాళ్ళ నొప్పి అనుకుని ఉంటారు. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. ఇంట్లో రేకు పెట్టెలో అతని రీలు ఒకటి ఉంది. అది ఎవరికీ తెలియదు. నా మనసంతా అక్కడుంది.

అతనికో అలవాటుండేది. మనిషి ఎదురైతే ముందు పలకరించడు. ఆగుతాడు. ఎడమ కన్ను చిట్లించి "ఎనిమిదడుగులు" అంటాడు. ఆ తర్వాతే "బాగున్నావా అక్కా" అనడం. ఒక్కోసారి అనుమానం వస్తే మడమకి బొటనవేలు ఆనిస్తూ మన దాకా కొలుచుకుంటూ వచ్చేవాడు. ఏడున్నర తేలితే తల పట్టుకునేవాడు. "అరడుగు పోయిందక్కా, అరడుగు!" అని, ఏదో ఎద్దు తప్పిపోయినట్టు. బజారులో చూసినవాళ్ళు మందు మొదలుపెట్టాడనుకున్నారు. సంఘపెద్దలు అతని భార్యని పిలిచి అడిగారు కూడా. ఆవిడ మిషను బడిలో టీచరు చేసి దిగిన మనిషి, మాట తూచి మాట్లాడుతుంది. "తాగి కాదండీ, కెమెరా కొని" అందిట.

ఆ కెమెరా సంగతి చెప్పాలి. అంతకుముందు అతని దగ్గర పెద్దవి రెండుండేవి. మెళ్ళో వేసుకుంటే వంగి నడిచేవాడు. నొక్కితే టకటకటకమని మిరపకాయ మిల్లులా మోత. పొడుగాటి అద్దం ముందుకి చాచేసరికి నవ్వుతున్నవాళ్ళు కూడా నోరు మూసుకునేవాళ్ళు. ఒకరోజు సింగరాయకొండలో పెళ్ళి చేసుకుని వచ్చి, అంటే పెళ్ళి ఫొటోలు తీసుకుని వచ్చి, మా గోడ మీద చేతులానించి నిలబడ్డాడు. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం.

"పెళ్ళికూతురు ఏడుస్తోందక్కా. అప్పగింతలప్పుడు. నేను మొహం మీద పెడితే ఈ కెమెరా దానంతటదే మెళ్ళో దండని పట్టుకుంది. దండలో ప్రతి పువ్వూ కనపడుతోంది. పిల్ల మొహం మసక."

"నువ్వు చూసుకోవద్దూ?"

"నేను చూడ్డమేంటి? చూసేది అది. నేను మోస్తున్నానంతే."

నెల తిరక్కుండా రెండూ ఒంగోలులో ఎవరో స్టూడియోవాళ్ళకి ఇచ్చేశాడు. చెన్నైలో ఒక ముసలాయన దగ్గర్నుంచి చిన్నది తెచ్చాడు. సగం ఇటుకంత ఉంటుంది. నల్ల రంగు మూలల్లో అరిగి లోపలి ఇత్తడి కనపడుతోంది. రీలు వేసి తియ్యాలి, రీలుకి ముప్పై ఆరు బొమ్మలు. దానంతట అది ఏమీ చెయ్యదు. దూరం చేత్తో సరిచెయ్యాలి, వెలుతురు కంటితో లెక్కకట్టాలి. ఉన్న సుఖాన్ని అమ్ముకుని కష్టం కొనుక్కున్నాడని ఊరంతా నవ్వింది. నాకు మాత్రం ఒక విషయం నచ్చింది. ఒక్క నొక్కుకి పది బొమ్మలు పారబోసే మనిషి, ఇప్పుడు ఒక్క బొమ్మకి పది నిమిషాలు నిలబడుతున్నాడు. వస్తువు విలువ తెలిసినవాళ్ళు అలాగే ఉంటారు.

నన్నూ చూడమన్నాడు. అప్పుడు మా కల్లం నిండా మిరపకాయ ఆరబోసి ఉంది. మూలన మచ్చపడ్డ తాలు కాయలు ఏరుతూ ఒక మనిషి కూర్చుని ఉంది. కెమెరా పైన గాజు కిటికీ ఉంటుంది, దాంట్లో కన్ను పెట్టాను. మధ్యలో చిన్న తెల్లటి మచ్చలో ఆ మనిషి ఇద్దరుగా కనపడింది.

"ఏమయ్యా, నా కంట్లో మళ్ళీ శుక్లం వచ్చినట్టుందే!"

"నీ కన్ను బాగానే ఉంది. అద్దం చుట్టూ ఉన్న ఆ ఉంగరం తిప్పు. నెమ్మదిగా."

తిప్పాను. ఇద్దరిలో ఒకతె పక్కకి జరిగింది. ఇంకాస్త తిప్పితే ఇంకాస్త జరిగింది. వచ్చి వచ్చి రెండోదాని మీద కూర్చుంది. ఒక్క మనిషి అయిపోయింది. చేతిలో కాయకి ఉన్న తొడిమ కూడా కనపడింది.

"అదీ. అప్పుడు నొక్కాలి" అన్నాడు. "ఇంకో మాట. మూడడుగులకన్నా దగ్గరికి వెళ్తే ఇది ఒప్పుకోదు. ఎంత తిప్పినా ఇద్దరు ఇద్దరుగానే ఉంటారు."

నేనూ అతనికి ఒకటి చూపించాను. గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించాను. బాగా ఎండిన కాయలో గింజ గలగలమంటుంది. లోపల చెమ్మ ఉంటే మూగగా ఉంటుంది. కొనేవాళ్ళు వచ్చి చెమ్మ మీటరు సూది దిగేసి అంకె చూస్తారు, నేను చెవితో చెబుతాను. అతను ఆ గుప్పెడూ నా చేతిలోంచి తీసుకుని ఆడించాడు, విన్నాడు, మళ్ళీ ఆడించాడు. "ఇదేనక్కా, ఇదే" అన్నాడు. ఏది ఇదో చెప్పలేదు. కాయలు మాత్రం తిరిగి పొయ్యకుండా జేబులో వేసుకు పోబోయాడు. పొయ్యించాను.

మొదటి రీలు తీస్తూ నాలుగు రోజులు ఊరంతా తిరిగాడు. పొగాకు కాల్చి ఆరబెట్టే బేరన్ల దగ్గరికి పోయాడు, పత్తి తీసే ఆడవాళ్ళ దగ్గరికి పోయాడు. ఆ తర్వాత స్నానాలగదిలో చీకటి చేసుకుని కడిగితే ముప్పై ఆరింటికి ముప్పై ఆరూ ఖాళీ. అద్దానికి మూత తియ్యకుండా తీశాడు! ఈ కెమెరాలో చూసేది అద్దంలోంచి కాదట, పైనున్న కిటికీలోంచిట. మూత ఉన్నా కంటికి అన్నీ కనపడుతూనే ఉంటాయి. టీచరమ్మ గోడ దగ్గరికి వచ్చి, నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని, "వదినా, నాలుగు రోజులు ఎండలో తిరిగి చీకటిని తెచ్చాడు" అని చెప్పింది. అతనూ నవ్వాడు. ఆ ఖాళీ రీలు కూడా తాడుకి క్లిప్పు పెట్టి ఆరేశాడు. కడిగిన రీళ్ళన్నీ అలాగే ఆరేసేవాడు. వాళ్ళ నడవలో దండెం మీద బట్టల పక్కన నల్లటి నాడాల్లాగా వేలాడేవి. నేను పప్పుకనో ఉప్పుకనో వెళ్ళినప్పుడల్లా చూసేదాన్ని. ఆ చూడటమే నా కొంప ముంచింది.

తరువాత అద్దాల గోల పట్టుకుంది. ఆ కెమెరాకి అద్దం విప్పి ఇంకోటి బిగించొచ్చు. చెన్నై ముసలాయన మూడు పంపించి, వాడి చూసుకుని ఒకటి ఉంచుకో, రెండు తిప్పి పంపు అన్నాడు. ముప్పై అయిదు, యాభై, తొంభై అని వాటి పేర్లు. నాకు అంకెలు గుర్తుండవు. మొదటిది వెడల్పుగా అంతా చూస్తుంది గనక చాట అన్నాను, మధ్యది గిన్నె, పొడుగుది గొట్టం. అతనూ ఆ పేర్లే పిలవడం మొదలుపెట్టాడు. మూడింటినీ మూడు పాత మేజోళ్ళలో దూర్చి సంచీలో వేసుకునేవాడు.

వారం రోజులు గొట్టం. గట్టు మీద నిలబడి కల్లంలో మనుషుల్ని తీశాడు. "బాగుంది గాని దొంగతనంలా ఉందక్కా" అన్నాడు. వారం రోజులు గిన్నె. "ఇది మంచిది. ఏ పేచీ లేదు" అంటూనే మొహం వేలాడేసుకున్నాడు. ఇంకో వారం చాట. దాంతో మనుషులకి బాగా దగ్గరగా వెళ్ళాల్సి వచ్చింది. పొద్దు వాలితే ఇంకో తంటా. "ఎక్కడ నిలబడ్డా నా నీడ బొమ్మలో పడుతోందక్కా. ముందుకెళ్తే తల, వెనక్కొస్తే భుజాలు. పాడైపోతున్నాయి."

మళ్ళీ గొట్టం, మళ్ళీ గిన్నె. ఒక మేజోడులోంచి తీసి బిగించడం, విప్పి ఇంకో మేజోడులో పెట్టడం. కల్లంలో అటూ ఇటూ తిరుగుతూ కాయల్ని తొక్కడం. నాకు విసుగొచ్చింది.

"రోజుకోటి మారుస్తూ కూర్చుంటే బొమ్మ ఎప్పుడు తీస్తావయ్యా? మీరున్నది ఇద్దరు. ఇద్దరికి మూడు గరిటెలా? ఒకటుంచుకుని మిగతావి పంపెయ్."

"ఏది ఉంచను?"

"మీ ఇంట్లో అన్నిటికన్నా ఇరుకు చోటేది?"

"వంటిల్లు."

"అక్కడ పనికొచ్చేదేదో అది ఉంచుకో. ఇరుకులో పనికొచ్చింది బయట పనికి రాకపోతుందా?"

 సంచీ తీసుకుని ఇంటికి పోయాడు. ఆ మాట అని ఉండకపోతే ఏమయ్యేదో అని నేను ఇప్పటికీ గిన్నెలు తోముతూ తోముతూ ఆగిపోతుంటాను.

వంటింట్లో టీచరమ్మ ఉంటుంది. ఆవిడ ఫొటో తియ్యనిచ్చే మనిషి కాదు. టీచరు ట్రైనింగునాటి బొమ్మ తప్ప రెండోది లేదు. పెద్ద కెమెరా ఎత్తితే పుస్తకమో చాటో అడ్డం పెట్టుకునేది. ఇప్పుడు అతను గోడకి వీపు ఆనించి, గొట్టం పెడితే ఆవిడ ముక్కు తప్ప కనపడలేదు. గిన్నె పెడితే మొహం. చాట పెడితే పీట మీద కూర్చున్న మనిషీ, ఒళ్ళో బియ్యం చాటా, పక్కన పొయ్యీ అన్నీ అందులో పట్టాయి. ఆ కెమెరాకి చప్పుడు ఉండదు. రెప్ప కొట్టినంత.

"తీశావా?" అందిట ఆవిడ.

"తీశాను."

"అబద్ధం. చప్పుడేదీ?"

"నీ మొహం బిగుసుకోలేదుగా, అదే సాక్ష్యం."

చాటలో బియ్యం రెండుసార్లు చెరిగి, "సరే. రోజుకి ఒకటి. మొహం ఒక్కటే తియ్యకు, చేతిలో పని కూడా పడాలి" అందిట. ఈ మాటలు నాకు ఆవిడే చెప్పింది. చెబుతూ, "ఇన్నేళ్ళకి నన్ను మూడడుగుల దూరంలో కూర్చోబెట్టి చూస్తున్నాడు వదినా" అంది. సిగ్గుపడింది. ఆవిడకి అరవై దాటాయి.

చాట ఉంచుకున్నాడు. మిగతా రెండూ మేజోళ్ళతో సహా పంపేశాడు.

రోజుకొకటి. ఒక్క రీలు ముప్పై ఆరు రోజులు. సాయంత్రం గోడ దగ్గరికి వచ్చి ఆ రోజుది ఏదో నాకు చెప్పేవాడు. చింతపండు పిసుకుతుంటే తీశాను. అన్నం వారుస్తుంటే ఆవిరికి కళ్ళద్దాలు తెల్లబడ్డాయి, అది తీశాను. బియ్యంలో రాయి దొరికితే దాన్ని కోపంగా చూసింది, అది. ఉల్లిపాయ కోస్తూ ఏడుస్తూ నవ్వింది, అది. వెల్లుల్లి రెబ్బ వేలికి అంటుకుంటే దులుపుతోంది, అది. నాకు పని ఉండేది, గట్టిగా విన్నట్టు కూడా ఉండేదాన్ని కాదు. అయినా దాదాపు అన్నీ గుర్తున్నాయి.

ముప్పై ఆరోది తీసిన రోజే ఆవిడకి ఆయాసం వచ్చి గుంటూరు తీసుకెళ్ళారు. ఆటో ఎక్కించి, మళ్ళీ పరిగెత్తుకుంటూ వచ్చి, చిన్న డబ్బీ నా చేతిలో పెట్టాడు. వాళ్ళది పెంకుటిల్లు, నాలుగు చోట్ల కారుతుంది. మాది శ్లాబు.

"దాచు అక్కా. తడి తగలనివ్వకు. వచ్చాక కడుగుతాను."

"నాకు చెప్పాలా?" అన్నాను.

అప్పుడే, కాయ కల్లంలో ఉండగా, అకాల వర్షం వచ్చింది. పట్టాలు కప్పినా కిందనుంచి నీళ్ళు పాకాయి. తెల్లారేసరికి ఇంట్లో గోడలు కూడా చెమ్మ పట్టాయి. రేకు పెట్టెలో బట్టలు మెత్తగా తగిలాయి. నాకు ఒకటే భయం, బూజు. ఒకసారి బూజు పట్టిన కాయని ఎంత ఎండబెట్టినా అది పోదు. ఎండ రాగానే కాయ మొత్తం తిరగేయించాను, బట్టలు ఆరేశాను, పప్పులు ఆరబోశాను. పెట్టె అడుగున అతని డబ్బీ కనపడింది. మూత తీశాను. లోపల రీలు దాని చిన్న రేకు గొట్టంలోంచి నాలుకలా కొంచెం బయటికి ఉంది. ముట్టుకుంటే జిగటగా అనిపించింది. లాగాను. కదురు మీదనుంచి నూలు వచ్చినట్టు వస్తూనే ఉంది. వాళ్ళ నడవలో తాడు మీద ఆరడం ఎన్నిసార్లు చూడలేదు? కల్లంలో ఒక మూల బాగు చేసి, శుభ్రమైన గుడ్డ పరిచి, బారెడు పొడుగూ విప్పి పెట్టాను. ఎగిరిపోకుండా ఆ చివరా ఈ చివరా గులకరాయి. మధ్యాహ్నం ఒకసారి తిరగేశాను కూడా. రెండు వైపులా ఎండాలి కదా.

చుట్టి, తెల్ల దారం కట్టి, రెండు లవంగాలు వేసి డబ్బీలో పెట్టాను.

టీచరమ్మ తిరిగి రాలేదు. పెట్టెలో వచ్చింది. భూస్థాపన అయిన మూడో రోజు డబ్బీ తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అతను వంటింటి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. వాళ్ళమ్మాయి చీరాల ఆస్పత్రిలో నర్సు, నన్ను అత్తా అని పిలుస్తుంది. ఆ పిల్ల టీ గిన్నెలు కడుగుతోంది.

"ఇదిగోనయ్యా నీ వస్తువు. వానకి చెమ్మ పట్టబోయింది. ఎండబెట్టి దాచాను. ఒక్క చుక్క బూజు లేదు" అన్నాను. గర్వంగానే అన్నాను.

అమ్మాయి చేతిలో గిన్నె జారింది. "ఎండలోనా అత్తా? విప్పేసి? అది కడిగింది కాదు కదా! వెలుతురు తగిలితే మొత్తం పోతుంది. అందులో అమ్మ ఉందత్తా! నెల్లాళ్ళు అమ్మే ఉంది!"

"ఊరుకోవే" అన్నాడు అతను.

డబ్బీ మూత తీశాడు. దారం కట్టిన చుట్ట అరచేతిలో పెట్టుకుని చూశాడు. లవంగాలు తీసి పక్కన పెట్టాడు. "ఎంతసేపు ఉంచావక్కా?" అని అడిగాడు.

"పొద్దుటి నుంచి సాయంత్రం దాకా."

"బాగా ఎండి ఉంటుంది" అన్నాడు.

అంతే. కోపంగా అనలేదు, ఎత్తిపొడుపుగా కూడా అనలేదు.  ఎలా ఇంటికి వచ్చానో తెలియదు. వచ్చి పొయ్యి వెలిగించాను, ఆర్పాను. తలుపు వేశాను, తీశాను. తిట్టే మనిషైతే పడి ఉందును. వారం తర్వాత వెళ్తే నడవలో ఆ రీలు తాడుకి వేలాడుతోంది. కడిగాడు! ఈ చివరనుంచి ఆ చివర దాకా బొగ్గులా నలుపు.

"అందులో ఏమీ లేదని తెలుసు కదయ్యా. ఎందుకు కడిగావు?"

"కడక్కుండా ఎలా ఉంటానక్కా?"

"నన్ను నాలుగు మాటలను. నాకు అన్నం సహించడం లేదు."

"మూత తియ్యకుండా ఒక రీలు నేను పాడుచేశాను. ఎండలో పెట్టి ఒకటి నువ్వు. సరికి సరి" అన్నాడు.

సరికి సరి ఎలా అవుతుంది? అతని రీల్లో ఏమీ లేదు. నా రీల్లో మనిషి ఉంది.

మరుసటి ఏడు కాయ కోతకి వచ్చినప్పుడు కల్లంలో రీలు పరిచిన ఆ చోట కాయ పొయ్యనివ్వలేదు. బారెడు పొడుగు, మూరెడు వెడల్పు. "అక్కడ నేల చెమ్మ" అని కూలీలకి చెప్పాను. జానెడు నేల వృథా పోనివ్వని దాన్ని, అసలు కారణం నాకు నేనే చెప్పుకోలేకపోయాను. అటు వైపు నడవాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని. అతను కెమెరాతో వచ్చాడు. ఎర్రగా పరిచిన కల్లంలో ఆ ఖాళీ ఎంత కొట్టొచ్చినట్టుంటుంది!

"అక్కడ పొయ్యలేదేం?"

"చెమ్మ."

నేలకేసి చూశాడు, నాకేసి చూశాడు. "ఊఁ" అన్నాడు. ఎండకి ఆ నేల పగుళ్ళు తీసి ఉంది.

ఆ ఏడంతా నన్ను తీస్తానని వెంటపడ్డాడు. "ఆరడుగులు అక్కా, కదలకు" అనేవాడు. నేను చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని. "ఆవిడ బొమ్మలు తగలేసిన దాన్ని. నాకెందుకయ్యా బొమ్మ? ఫో అవతలకి" అని తిట్టేదాన్ని. నవ్వేవాడు. తీశాడో లేదో తెలిసేది కాదు, చప్పుడు లేదు కదా.

ఒకరోజు మళ్ళీ డబ్బీ తెచ్చి గోడ మీద పెట్టాడు.

"ఇది దాచు అక్కా."

నాకు ఒళ్ళు మండింది. "నీకు బుద్ధుందా? ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా? తీసుకుపో. కడుక్కో."

"కడగబుద్ధి కావడం లేదు. ఎప్పుడు కావాలనిపిస్తే అప్పుడు కడుగుతా."

"అయితే మీ అమ్మాయికియ్యి."

"దానికి జాగ్రత్త లేదు. నీ దగ్గరైతే చెమ్మ తగలదు" అన్నాడు. నవ్వులేదు. ఆ డబ్బీ అక్కడే వదిలేసి నడిచిపోయాడు. గోడ మీద ఎండ పడుతోంది. పరిగెత్తి తీసుకున్నాను.

ఆ డబ్బీని నల్లగుడ్డలో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని రేకు పెట్టెలో పెట్టి తాళం వేశాను. తెరిచింది లేదు. కాని రోజుకి నాలుగుసార్లు తాళం లాగి చూసేదాన్ని.

ఈ మధ్య అతను వేటపాలెం వెళ్ళడానికి బస్సు కోసం నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయి ప్రాణం విడిచాడు. కెమెరా మెళ్ళో ఉంది. దాంట్లో రీలు లేదని అమ్మాయి చెప్పింది.

కూడిక అయ్యాక జనం వెళ్ళేదాకా ఆగాను. ఆ పిల్లని పక్కకి పిలిచాను. అన్నం తిన్నావా అని అడిగాను, బస్సెప్పుడని అడిగాను. చివరికి, "మీ నాన్న రీలు ఒకటి నా దగ్గరుందే" అన్నాను.

అది తలెత్తి నా మొహంలోకి చూసింది. దాని కళ్ళల్లో ఏముందో నాకు తెలుసు.

"తెరవలేదు. తాళం కూడా తియ్యలేదు. నమ్ము."

"నువ్వే తీసుకురా అత్తా. ఇద్దరం వెళ్దాం" అంది.

గుంటూరులో రీళ్ళు కడిగేవాళ్ళు ఇంకా ఒక్కరున్నారట. బస్సులో డబ్బీని కొంగున ముడేసి, ముడిని గుప్పెట్లో పట్టుకుని కూర్చున్నాను. కిటికీలోంచి ఎండ ఒళ్ళో పడుతుంటే చెయ్యి మార్చుకుంటూ పోయాను. నా చేతి మీదుగా పోయిన రీలు గుడ్డి నలుపు ఒక్కటే. ఇదీ అలాగే వస్తే? పెట్టెలోకి వెలుతురు పోయే సందేమైనా ఉందా? మూత బిగించానా? పిల్ల, "వదిలెయ్ అత్తా, ఏం కాదు" అంటోంది. అంటూ నా చేతినే చూస్తోంది. కొట్టువాడికి ఇచ్చేటప్పుడు నా గుప్పెడు తెరుచుకోలేదు. పిల్లే ఒక్కో వేలూ విప్పింది. కడిగినంతసేపూ కొట్టు ముందు అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాను. స్టూలు వేశారు. కూర్చోలేదు.

వచ్చాయి. ముప్పై ఆరూ వచ్చాయి.

నేనే. కాయ తిరగేస్తూ, కూలీలని కేకలేస్తూ, తాలు కాయ ఏరుతూ, చెవి దగ్గర గుప్పెడు ఆడిస్తూ. చాలావాటిలో చెయ్యి అడ్డం. ఒకదాని మీద మాత్రం పిల్ల వేలు ఆగిపోయింది.

సాయంత్రం వెలుతురు. నలుపు తెలుపు బొమ్మలో మిరపకాయకి ఎరుపు ఉండదు, కల్లమంతా నల్లటి కంకరలా ఉంది. దూరాన నేను మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. మధ్యలో కాయ పొయ్యని ఆ బారెడు నేల తెల్లగా ఉంది. ఆ తెలుపులో నీడ. కాళ్ళూ నడుమూ కాయల నలుపులో కలిసిపోయాయి. తలా, రెండు వైపులకి పొడుచుకొచ్చిన మోచేతులూ, మొహానికి ఆనించిన చిన్న పెట్టే మాత్రం సరిగ్గా ఆ ఖాళీలో పడ్డాయి. చాట అద్దంలో తన నీడ పడుతుందని నెలల తరబడి సణిగిన మనిషి. అడుగు అటో ఇటో జరిగితే పడేది కాదు. కొలుచుకుని నిలబడ్డాడు.

"నాన్న" అంది పిల్ల. 

నేను దాన్ని పెద్దది చేయించమన్నాను. పాస్టరుగారు ఆ బొమ్మ చూసి, "మొహం లేదు కదమ్మగారూ" అన్నారు. "అతనేనండీ. కావాలంటే అడుగులు కొలుచుకోండి" అన్నాను. ఫ్లెక్సీ తీసేసి, వాళ్ళ నడవలో రీళ్ళు ఆరేసే తాడు కింద ఆ బొమ్మ పెట్టాం.

ఆ పిల్ల చీరాల వెళ్ళేముందు నా దగ్గర కూర్చుని, అమ్మ బొమ్మలు ఏవేవో చెప్పమంది. చింతపండు చెప్పాను. ఆవిరి పట్టిన కళ్ళద్దాలు చెప్పాను. బియ్యంలో రాయి, ఉల్లిపాయ, వెల్లుల్లి రెబ్బ. ముప్పై నాలుగు చెప్పాను. రెండు గుర్తు రాలేదు. ఇవాళ్టికీ పని చేసుకుంటూ ఆ రెండూ వెతుకుతున్నాను.

మొన్న కొత్త కాయ కల్లానికి వచ్చింది. కూలీ మనిషి ఎప్పటిలాగే ఆ చోటు వదిలి చుట్టూ పోస్తోంది.

"అక్కడ కూడా పొయ్యి" అన్నాను.

"చెమ్మ అన్నావుగా పెద్దమ్మా?"

"ఆరింది. పొయ్యి."